ముందొక దెబ్బ, చివరొక దెబ్బ

ఆ రోజుల్లో ఇండియాకి ఫోన్ చేస్తే, దూరం ఎక్కువ కదా అని అందరూ అరిచి మాట్లాడేవారు. మీ తాతయ్య రిసీవర్ పట్టుకుంటే వాళ్ళ నాన్నగారి మోకాలి నొప్పి సంగతి మా వీధి వీధంతటికీ తెలిసేది. నేను మాత్రం అప్పుడూ ఇంతే. నేను మాట్లాడుతూ ఉండగానే అవతల మా అమ్మ "లైను కట్టయినట్టుందండీ" అని పెట్టేసేది. ఇప్పుడు మీరు వీడియో కాల్లో "అమ్మమ్మా, మ్యూట్‌లో ఉన్నావ్" అంటారు చూడండి, అదే వరస. (మ్యూట్‌లో లేనర్రా. నా మామూలు గొంతే అది.) అలాంటి నేను, మీ అమ్మ ఇంకా పుట్టకముందు, మైకు ముందు నిలబడి, నాకు ఒక్క ముక్క అర్థం కాని భాషలో, ఆ భాష వాళ్ళ ముందే గడగడా చెప్పి గెలిచి వచ్చాను. నిన్న మీ అమ్మ ఫోన్ చేసి, తెలుగు స్కూల్ యాన్యువల్ డేకి అమ్ములు పద్యాలు చెప్పనని మొండికేసింది, అర్థం తెలీకుండా ఎందుకు చెప్పాలంటోంది అని చెప్తే, నాకు ఆ సంగతంతా గుర్తొచ్చింది. పక్కన కూర్చోబెట్టుకుని చెప్పేదాన్నే, కానీ మీ కాపెల్ ఎక్కడ, మా అరోరా ఎక్కడ. అందుకని ఇలా. చిన్నోడా, నువ్వూ విను. ఇందులో పిల్లి ఉంది.

మేము ఈ దేశానికి కొత్తగా వచ్చినప్పుడు ఒక పాత చెక్క ఇంట్లో పై పోర్షన్ అద్దెకి తీసుకున్నాం. కింద ఇంటావిడ ఒక్కతే ఉండేది. ఎనభై దాటిన మనిషి. మేమిద్దరం ఆవిడని కింద మామ్మ అనుకునేవాళ్ళం. ఆవిడ తాతముత్తాతలు స్వీడన్ నుంచి వచ్చి ఈ చుట్టుపక్కల పొలాలు చేసుకున్నవాళ్ళు. ఆవిడ పుట్టింది ఇక్కడే అయినా, స్కూలుకెళ్ళేదాకా ఇంట్లో స్వీడిష్ తప్ప ఇంకో మాట వినలేదుట. ఆవిడకి ఒక నారింజ రంగు పిల్లి ఉండేది. తిని తిని దిండులా తయారైంది. దాని పేరు గుబ్బెన్. మీ తాతయ్య పొద్దున్నే లాబ్‌కి వెళ్ళిపోయేవారు. నాకు డ్రైవింగ్ రాదు. ఇంగ్లీషు పుస్తకంలో కనిపిస్తే అర్థమయ్యేది కానీ నా నోట్లోంచి బయటికి రానని మొరాయించేది. దాంతో తెలిసినవాళ్ళందరూ, పాపం డాక్టరేట్ చేసినాయనకి మూగపిల్లని కట్టబెట్టారు అనుకునేవారు. (ఒకావిడ నా ముందే అంది. నాకు చెవులు పనిచేస్తాయని ఆవిడకి తట్టలేదు.)

ఆ స్వీడిష్ వాళ్ళకి ఊరి చివర ఒక హాలు ఉండేది. ఏటా జూన్‌లో, పొద్దు ఎంతకీ గుంకని రోజుల్లో, ఆ హాలు ముందు పచ్చికలో పెద్ద కర్ర పాతి, దానికి ఆకులూ పువ్వులూ చుట్టి, దాని చుట్టూ చేతులు పట్టుకుని ఆడతారు. తర్వాత కాఫీ, స్ట్రాబెర్రీ కేకు. ఆ కాఫీకి ముందు పలకరింపు అని ఒకటి చెప్పాలి. మొదట్లో వచ్చినవాళ్ళలో ఒకాయన రాశాడుట. మేమున్న ఇల్లు కట్టింది కూడా ఆయనే. మేము ఇలా వచ్చాం, ఇవి నాటాం, ఇవి వండుకున్నాం, మా పిల్లలూ, వాళ్ళ పిల్లలూ, వాళ్ళ పిల్లలూ అందరూ వచ్చి కూర్చోండి, తినండి, అని అంతే. ఆ కాగితం చెమ్మకి ఎప్పుడో పోయింది. ఆ ఇంటి ఆడవాళ్ళ నోట్లో మిగిలింది. అందుకని ఆ ఇంటి ఆడవాళ్ళే చెప్పాలని వాళ్ళ పద్ధతి. మామ్మ వాళ్ళమ్మ చెప్పింది, తర్వాత ఏళ్ళ తరబడి మామ్మ చెప్పింది. మేము వచ్చిన చలికాలంలో మామ్మకి గొంతుకి ఏదో ఆపరేషన్ అయి, మాట గుసగుసలోకి దిగిపోయింది. ఎదురుగా కూర్చుంటే ప్రతి అక్షరం వినబడేది. మైకులో పెడితే ఉత్త గాలి.

ఆవిడ కొడుకుని మేము కమిటీ బాబు అనేవాళ్ళం. (బాబు అంటే మీలాంటి బాబు కాదు. అరవై దగ్గర పడిన పెద్దమనిషి. నున్నటి బట్టతల. ఆ హాలు కమిటీకి ప్రెసిడెంటు.) మంచివాడే. తల్లికి మందులు తెచ్చిపెట్టేవాడు, మా మెట్ల మీద మంచు కూడా తనే తీసేవాడు. ఆ వసంతంలో ఒకరోజు వచ్చి తల్లితో పెద్ద వాదన పెట్టుకున్నాడు. చెక్క ఇల్లు కదా, కింద చెంచా పడినా మాకు వినబడేది. కానీ ఆవిడ గొంతు వినబడదు కాబట్టి నాకు సగం గొడవే తెలిసింది. ఆయన సగం ఏంటంటే, ఇంక స్వీడిష్ అర్థమయ్యేవాళ్ళు ఎవరూ మిగల్లేదు, నాకే రాదు, జనం కేకు వైపు చూస్తూ ఆవలిస్తున్నారు, ఈ ఏడు నుంచి ఇంగ్లీషులో నాలుగు ముక్కలు నేనే చదివేస్తాను, టేపు చేద్దామంటే నువ్వు ఎప్పుడూ ఒప్పుకోలేదు, అని. ఆవిడ సగం తర్వాత నాకే చెప్పింది. టేపులోంచి పిలిస్తే ఎవరొస్తారురా భోజనానికి, అందిట. ఇంగ్లీషులో చదివితే నేను ఆ కేకు ముట్టను, హాలు గడప తొక్కను, అని కూడా అందిట. ఎనభై దాటిన మనిషికి అదొక్కటే పండగ. ఊరికే బెదిరించడానికి అన్న మాట కాదది.

మర్నాడు పొద్దున్న నేను పప్పు పొయ్యి మీద పెట్టి, అలవాటుగా అమ్మవారి నామాలు చదువుకుంటుంటే, కింద నుంచి చీపురుకర్రతో సీలింగ్ మీద టకటక కొట్టారు. నా గొంతు ఇంకొకళ్ళకి వినబడటం అదే మొదటిసారి, అదీ గొడవై కూర్చుందా, ఇల్లు ఖాళీ చేయమంటారా అనుకుంటూ పొయ్యి కట్టేసి కిందికి దిగాను. ఆవిడ వంటింటి టేబుల్ దగ్గర కూర్చునుంది.

"రోజూ పొద్దున్న ఏంటమ్మాయ్ చదువుతావు?" అంది గుసగుసగా.

"అమ్మవారి పేర్లండీ" అన్నాను, వచ్చీరాని ఇంగ్లీషులో.

"అన్నిటికీ అర్థం తెలుసా?"

"కొన్నిటికి తెలుసు. చాలావాటికి తెలీదు."

"మరి ఒక్కరోజు కూడా తేడా రాకుండా ఎలా చదువుతున్నావు? నువ్వు వచ్చిన దగ్గర్నుంచీ వింటున్నా."

"మా బామ్మ ఒకసారి చెప్పేది, మేము రెండుసార్లు అనేవాళ్ళం. అర్థం తర్వాత చెప్తానంది."

"చెప్పిందా?"

"లేదండీ. ఈలోగా నాకు పెళ్ళయిపోయింది."

ఆవిడ నవ్వింది. అంటే భుజాలు కదిలాయి, చప్పుడు రాలేదు. తర్వాత కాఫీ కప్పు నా వైపు తోసి, కూర్చో అంది. ఆవిడ ముని మనవలకి నేర్పబోతే మొదటి మాట దగ్గరే, దీనర్థం ఏంటి, ఇది ఎందుకు, అని పేచీ పెట్టి పారిపోయారుట. అర్థం అడగని మనిషి కోసం ఆవిడ వెతుకుతోంది. నేనేమో నెత్తి మీద దొరికాను.

కమిటీ బాబు విని బిత్తరపోయాడు. మన ఇంటి ఆడవాళ్ళు అంటే మనవాళ్ళు కదమ్మా, అద్దెకున్నవాళ్ళు ఎలా అవుతారు, అన్నాడు. నేను అక్కడే గోడకి అతుక్కుని నిలబడ్డాను. ఆవిడ గుసగుసలో కూడా కోపం తెలిసేది. "ఈ కప్పు కింద పడుకునేది ఎవరు? నేను, పిల్లి, ఈ అమ్మాయి, దాని మొగుడు. నాకు గొంతు లేదు. పిల్లి చెప్పదు. దాని మొగుడు మగాడు" అంది. ఆయన కాసేపు బట్టతల తడుముకున్నాడు. సరే, ఈ ఒక్కసారికి ఒప్పుకుంటాను, జనం దిక్కులు చూశారంటే మాత్రం వచ్చే ఏడాది నుంచి ఇంగ్లీషే, నువ్వూ వచ్చి కేకు తినాలి, మాట మార్చకూడదు, అన్నాడు. ఆవిడ చెయ్యి చాపింది. తల్లీ కొడుకులు చేతులు కలుపుకున్నారు. నన్ను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. (నేను చిన్నప్పటినుంచీ అడగని మనిషినే కాబట్టి పెద్దగా పట్టించుకోలేదు.)

ఇంక చదువు మొదలైంది. మొదటి మాట మిడ్‌సొమ్మర్‌స్టోంగ్. ఆ పూలకర్ర పేరే అది. ఆవిడ ఒకసారి అంది, నేను రెండుసార్లు అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. నువ్వు కుళాయి తిప్పినట్టు చెప్తున్నావమ్మాయ్, అంతా ఒకే ధార, అంది. తర్వాత వేలి కణుపుతో టేబుల్ మీద కొట్టి చూపించింది. మిడ్ దగ్గర గట్టిగా ఒక దెబ్బ, స్టోంగ్ దగ్గర చిన్నగా ఒక దెబ్బ, మధ్యలో సొమ్మర్ ఊరికే జారిపోవాలి. రెండు మూడు మాటలు కలిపి ఒక మాట చేస్తే, వాళ్ళకి ఎప్పుడూ ముందొక దెబ్బ, చివరొక దెబ్బ. మనకి దీర్ఘాలున్నాయి, ఒత్తులున్నాయి కానీ, ఒక అక్షరాన్ని పట్టుకుని ప్రత్యేకంగా మోదడం అనే అలవాటు లేదు కదా. నేను మర్యాదగా అన్ని అక్షరాలనీ సమానంగా చూసేదాన్ని. ఆవిడేమో, అందరికీ మర్యాద చేస్తే ఎవరికీ చేసినట్టు కాదు, ఇద్దరికే చెయ్యి, అనేది.

దెబ్బలు కాస్త దారిలో పడ్డాక ఇంకో తంటా వచ్చింది. బాణ్‌బాణ్స్‌బాణ్ అని ఒక మాట ఉంది. బాణ్ అంటే పిల్ల. సరిగ్గా మన బాణంలో ఉన్న ణ. దీన్ని నేను ఎలా విరిచానంటే, బా, ణ్బా, ణ్స్బా, ణు. మన అలవాటు అంతే కదర్రా. పొల్లు కనిపిస్తే దాన్ని తీసుకెళ్ళి వెనకాల అక్షరానికి తగిలించేస్తాం, చివర ఏమీ లేకపోతే ఒక ఉకారం పెట్టి సాగనంపుతాం. తెలుగు నోరు తలుపు తెరిచిపెట్టే మాట ముగిస్తుంది. ఆవిడ గుడ్లప్పగించి చూసింది. లేచి వెళ్ళి యాలకుల రొట్టె తెచ్చింది. జడలా అల్లి కాల్చిన రొట్టె అది. కత్తి తీసి జడ పాయ నడిమికి పోనిచ్చి చూపించింది. ముక్క చిరిగి పొడిపొడి అయింది. నువ్వు చేస్తున్నది ఇది, అంది. తర్వాత రెండు పాయలు కలిసిన చోట కోసింది. నున్నగా వచ్చింది. చెయ్యాల్సింది ఇది, అంది. నాకు వెంటనే మా అమ్మ పూలదండ తెంపడం గుర్తొచ్చింది. ఇద్దరికి పంచాలంటే ముడి దగ్గర కత్తిరిస్తుంది కానీ పువ్వుని నడిమికి కోస్తుందా. అక్కణ్ణుంచి ఎంత పొడుగు మాట వచ్చినా, లోపల ముడి ఎక్కడుందా అని నాలుకతో తడుముకునేదాన్ని. దొరికేది. అర్థం తెలీకపోయినా ముడి తెలిసేది. (రొట్టె మొత్తం ఆ పాఠంలోనే అయిపోయింది. నేను బాగా నేర్చుకున్నదానికి అదీ ఒక కారణం.)

నాకు కలిసొచ్చినవీ ఉన్నాయి. వాళ్ళకీ మన ట, డ, ణ లాంటివి ఉన్నాయి. కాఫీని వాళ్ళు కఫ్ఫె అంటారు, అందులో రెండు ఫలూ, సొమ్మర్‌లో రెండు మలూ మనలాగే నొక్కి పలకాలి. ఆవిడ మనవలెవరికీ నోరు తిరగని స్ట్రాబెర్రీ కేకు పేరు, యూడ్‌గుబ్స్‌టోటా, నేను మొదటి రోజే అనేసరికి ఆవిడ రెండు చేతులూ ఎత్తి దణ్ణం లాంటిది పెట్టింది. గొంతు సంగతి మాత్రం నాకు భయంగానే ఉండేది. ఇంత చిన్న గొంతు అంత పచ్చిక మీద ఎవరికి వినబడుతుందండీ, అన్నాను ఒకరోజు. ఆవిడ నా చెయ్యి తీసుకుని తన వేళ్ళతో నా కణుపుల మీద కొట్టింది. "నువ్వు అరవొద్దు. రెండు దెబ్బలు ఉండాల్సిన చోట ఉంటే, మాట దాని కాళ్ళ మీద అదే నడిచి పోతుంది" అంది.

నేర్చుకునేటప్పుడు నేను కళ్ళు గట్టిగా మూసుకునేదాన్ని. బామ్మ దగ్గర అలవాటు. కళ్ళు తెరిస్తే ధ్యాస చెదురుతుందని ఆవిడ మా నెత్తి మీద మొట్టేది. ఆవిడ ఏది ఎలా అంటే అది అలాగే అనాలి, ఎక్కడ ఆగితే అక్కడ ఆగాలి, ఎక్కడ ఊపిరి తీస్తే అక్కడ తియ్యాలి. మామ్మ దగ్గరా అంతే. పైన బీన్స్ తుంచుతూ, అంట్లు తోముతూ, సింక్ అంచు మీద కణుపులతో కొట్టుకుంటూ నాకు ఇదే పని. మీ తాతయ్య ఒక సాయంత్రం చాలాసేపు విని, "ఇందులో గుబ్బెన్ అని పిల్లి పేరు వస్తోందేంటి?" అన్నారు. నేను ఆ మాట ముందే ఆలోచించి పెట్టుకున్నాను. వాళ్ళ పెద్దవాళ్ళెవరో గుబ్బెన్ గారని ఉండుంటారు, ఆ పేరు పిల్లికి పెట్టుకున్నారు, మనం పెట్టుకోమా ఏంటి, అన్నాను. పిల్లలకి పెట్టుకుంటాం కానీ పిల్లులకి పెట్టుకోం, అన్నారాయన. అని, సైంటిస్టు కదా, రుజువు లేదని వదిలేశారు.

ఆ రోజు రానే వచ్చింది. నేను పచ్చ పట్టుచీర కట్టుకున్నాను. వాళ్ళు పొలంగట్టు పువ్వులు కిరీటంలా అల్లి తల మీద పెట్టుకుంటారు. మామ్మ నాకూ ఒకటి అల్లిచ్చింది. నేను ముందే జడలో పువ్వులు పెట్టుకున్నాను. పైనా పువ్వులే, వెనకా పువ్వులే. ఊరేగింపుకి తయారైన ఉత్సవ విగ్రహంలా ఉన్నావు, అన్నారు మీ తాతయ్య, కెమెరా సరిచేసుకుంటూ.

పచ్చిక నిండా జనం. ముందు వరసలో మడతకుర్చీలో మామ్మ. మైకు పక్కనే తెల్లగుడ్డ పరిచిన పొడుగు టేబుల్, దాని మీద కాఫీ కప్పులు, కేకులు. కమిటీ బాబు మైకులో, అమ్మకి గొంతు బాగాలేదు, ఈసారి మా పై పోర్షన్‌లో ఉండే ఇండియా అమ్మాయి ప్రయత్నం చేస్తుంది, అన్నాడు. ఆ ప్రయత్నం అన్న మాట దగ్గర కొంతమంది జాలిగా చప్పట్లు కొట్టారు. ఆయన జేబులోంచి ఇంగ్లీషు కాగితం సగం బయటికి కనిపిస్తోంది. చెప్పేసి, టేబుల్ మూల మీద ఒక తొడ ఆనించి ఎక్కి కూర్చుని, చేతులు కట్టుకున్నాడు. నేను కళ్ళు మూసుకున్నాను.

మొదలుపెట్టాను. మైకు కర్రకి కణుపుతో ఒక దెబ్బ, మిడ్. చిన్న దెబ్బ, స్టోంగ్. గుసగుసలాడుతున్నవాళ్ళు ఆపేశారు. మాట నిజంగానే నడుచుకుంటూ పోయింది. నాకు తెలుస్తోంది, పచ్చిక చివర దాకా వెళ్ళి, అక్కడి చెక్క గోడకి తగిలి, మళ్ళీ నా దగ్గరికి వస్తోంది. నా ఎదురుగా ఎవరో కుర్చీ చేతి మీద నాతోపాటు కొడుతున్నారు. ముందొకటి, చివరొకటి. ఇంకెవరో బల్ల మీద. బాణ్‌బాణ్స్‌బాణ్ వచ్చేసరికి చాలా చేతులు కలిశాయి. అలా అలా కాఫీ టేబుల్ దగ్గరికి, అదే, కఫ్ఫెబూడ్ దగ్గరికి వచ్చాను. అక్కడ మామ్మ ఎప్పుడూ ఒక్క క్షణం ఆగేది. నేనూ ఆగాను. తర్వాత మామ్మ ఎలా అంటుందో సరిగ్గా అలాగే, కాస్త కిందికి దించి, పళ్ళ మధ్య నుంచి, తాపీగా అన్నాను.

"నేర్ ఫ్రోన్ బూడెట్, గుబ్బెన్."

పక్కన ధబ్బుమని చప్పుడైంది. కళ్ళు తెరిచాను. (బామ్మ క్షమించాలి.) కమిటీ బాబు టేబుల్ మీంచి దూకి, రెండు చేతులూ పక్కలకి ఆనించి, స్కూలు పిల్లాడిలా నిటారుగా నిలబడి ఉన్నాడు. మొహం చెవుల దాకా ఎర్రబడింది. ఎందుకు దూకాడో ఆయనకే తెలిసినట్టు లేదు. తర్వాత ముందు వరసలో ఒక ముసలాయన కళ్ళజోడు తీసేసి నవ్వడం మొదలెట్టాడు. అది వెనక్కి పాకింది. పచ్చికంతా నవ్వు. ఏదో బూతు మాట అనేశాను, అయిపోయింది, మామ్మ పండగ నా చేతుల్లో పోయింది అనుకుని ఆవిడ వైపు చూశాను. ఆవిడ భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. కళ్ళ నీళ్ళు కారిపోతున్నాయి. నా వైపు చూసి చేత్తో, కానీ, కానీ, అంది. ఆవిడ చెప్పమంటే చెప్పాలి. మళ్ళీ కళ్ళు మూసుకుని మిగతాది అందుకున్నాను. ఈసారి పచ్చిక మొత్తం దెబ్బ వేస్తోంది. చివరి మాట కేకుది. యూడ్ దగ్గర నేను కొట్టాను, టోటా దగ్గర వాళ్ళందరూ కొట్టారు. కప్పులు గలగలమన్నాయి.

తర్వాత తెలిసిందేంటంటే, ఆ మాటకి అర్థం, టేబుల్ మీంచి దిగరా తాతా, అని. మనం చిన్నపిల్లల్ని నాన్నా, తాతా అని ముద్దు చేస్తాం చూడు, వాళ్ళూ అంతే, బుడ్డోడిని గుబ్బెన్ అంటారు, తాతగాడా అని. కమిటీ బాబు చిన్నప్పుడు వాళ్ళమ్మ ఆయన్ని రోజూ ఆ మాటతోనే టేబుల్ మీంచి దింపేదిట. ఆయన పెద్దవాడయ్యాక ఆ ముద్దుపేరు ఊరికే ఖాళీగా ఉండిపోయి, చివరికి పిల్లికి వచ్చింది. రోజూ పలకరింపులో కాఫీ మాట దగ్గరికి వచ్చేసరికి మామ్మ కాఫీ పోసేది. పక్కన మీగడ గిన్నె పెట్టేది. పిల్లి సరిగ్గా అప్పుడే టేబుల్ ఎక్కేది. ఆవిడ దిగమనేది, అది దిగేది, ఆవిడ మళ్ళీ అందుకునేది. నేను కళ్ళు మూసుకున్న భక్తురాలిని కదా, అదీ పలకరింపులో భాగమనుకుని రెండుసార్లు అనేదాన్ని. మరి మీరైనా చెప్పలేదేంటండీ అని అడిగితే, నువ్వు కూడా పిల్లిని అదిలిస్తున్నావనుకున్నానే, ఎంత బాగా కలిసిపోయింది పిల్ల మా ఇంట్లో అని సంతోషపడ్డాను, అంది.

ఇంక అసలు సంగతి వినండి. నవ్వులాగాక కేకులు కోస్తుంటే, ఒకావిడ, అరవై ఉంటాయి, మా అమ్మ కాళ్ళు తుడుచుకు రా అని ఇలా అనేది అని స్వీడిష్‌లో అంది. ఇంకొకాయన తలుపు మెల్లిగా వెయ్యి అనే మాట అన్నాడు. ఒకరు పాలు తాగమని, ఒకరు ముక్కు చీదమని, ఒకరు ఇంక చాలు పడుకో అని. ఎవరికీ స్వీడిష్ రాదని కదా కమిటీ బాబు అన్నాడు. తిట్లన్నీ అందరికీ వచ్చు. వాళ్ళమ్మలు పోయాక ఎవరూ తిట్టక లోపల ఉండిపోయాయంతే. ఆ పూటంతా ఆ పచ్చిక మీద ముసలివాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చిన్నపిల్లల్ని కసురుకున్నట్టు కసురుకుని ఒకటే నవ్వుకోవడం. కమిటీ బాబు రెండు ప్లేట్లలో కేకు పట్టుకుని వచ్చాడు. ఒకటి వాళ్ళమ్మకి, ఒకటి నాకు. వాళ్ళమ్మ పక్కన పచ్చికలో చతికిలబడి కూర్చున్నాడు.

"ఆ టేబుల్ మాట పలకరింపులో లేదు" అన్నాడు నాతో.

"తెలీదండీ. వచ్చే ఏడాదికి తీసేస్తాను" అన్నాను.

"వద్దు" అన్నాడు. జేబులో కాగితం తీసి, కేకు చెయ్యి తుడుచుకుని, ఉండ చుట్టి పారేశాడు. "ఉండనీ."

ఆ సాయంత్రమే మామ్మ నాకు అర్థాలు చెప్పడం మొదలెట్టింది. (మా బామ్మ కంటే మాట నిలబెట్టుకున్న మనిషి.) స్ట్రాబెర్రీని వాళ్ళు నేలతాత అంటారుట. నేలతాత కేకు అన్నమాట. బాణ్‌బాణ్స్‌బాణ్ అంటే పిల్లల పిల్లల పిల్లలు. ముందున్న పెద్ద తరానికి ఒక దెబ్బ, చివరున్న బుల్లి తరానికి ఒక దెబ్బ, మధ్యవాళ్ళు ఊరికే అటూ ఇటూ కలుపుతూ నలిగిపోతారు. (మీ అమ్మని చూస్తే నాకు ఇప్పుడు అదే అనిపిస్తుంది. ఆ మధ్య బాణ్‌ని కాస్త విసిగించకండి.) అమ్మకి అమ్మని వాళ్ళు మూర్‌మూర్ అంటారు, అమ్మ అమ్మ. మాకూ అంతేనండీ, అమ్మమ్మ, అన్నాను. మరి దెబ్బ ఎక్కడ, అంది ఆసక్తిగా. మాకు దెబ్బలుండవండీ, ఇద్దరమ్మలూ సమానమే, అన్నాను. ఆవిడ ఆలోచించి, అలా అయితే నీ గొంతు అలా ఉండటంలో తప్పేం లేదు, అంది.

మామ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఆ ఇల్లు మేమే కొనుక్కున్నాం కాబట్టి పలకరింపు ఇల్లు దాటలేదు. మీరు సెలవలకి వస్తే జారి పడే చెక్క మెట్లు అవే. కమిటీ బాబు ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళూ ఏటా పనిగట్టుకుని ఆ టేబుల్ మూల మీద ఎక్కి కూర్చునేవాడు, నేను ఆ మాట అనగానే దూకేవాడు. ఇప్పుడు ఆయన మనవడు దూకుతున్నాడు. అది వాళ్ళ తాతముత్తాతల నాటి ఆచారం అని కొత్తవాళ్ళకి చెప్తుంటే విన్నాను. పిల్లి పెట్టిన ఆచారం అని నేను ఎవరికీ చెప్పలేదు, మీకు తప్ప. మోకాళ్ళు ఒప్పుకోక నేను కింద పోర్షన్‌లోకి దిగిపోయాను. పైన ఖమ్మం అమ్మాయి అద్దెకుంటోంది, సాఫ్ట్‌వేర్. పొద్దున్నే మీటింగుల ముందు ఏవో నామాలు చదువుకుంటుంది. చక్కగా, కుళాయి తిప్పినట్టు. నేను చీపురుకర్ర దగ్గర పెట్టుకుని వింటున్నాను. అమ్ములూ, నువ్వు పద్యం చెప్పు తల్లీ. అర్థం నేను చెప్తాను, నీ పెళ్ళి దాకా ఆగను, రేపే చెప్తాను. గొంతు చిన్నదని మాత్రం భయపడకు.

మొన్న ఆదివారం వీడియో కాల్లో నువ్వు చేసింది గుర్తుందా చిన్నోడా. మీ అమ్మ అటు తిరగ్గానే డైనింగ్ టేబుల్ ఎక్కి కూర్చున్నావు. నేను అరవబోయాను. తెలుగు రాలేదు. తాపీగా, పళ్ళ మధ్య నుంచి, ఆ మాటే వచ్చింది. నీకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా దిగావు. మ్యూట్‌లో ఉన్నానని కూడా అనలేదు. స్క్రీన్ మూల బుల్లి డబ్బాలో తెల్లజుట్టు ముసలావిడ ఒకావిడ, చప్పుడు లేకుండా, భుజాలు కదిలేలా నవ్వుతోంది. మామ్మ ఎప్పుడొచ్చిందబ్బా అనుకున్నాను. కళ్ళజోడు పెట్టుకుని చూద్దును కదా, నేనే.